గచ్చిబౌలిలో ఖాళీ కుర్చీలు

హైదరాబాద్ వాళ్లకి క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఈమధ్య ఐదారేళ్లుగా ఈ మాట మరీ ఎక్కువగా వినాల్సి వస్తోంది. గచ్చిబౌలి స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడినప్పుడల్లా టీవీలో కనిపించే ఖాళీ కుర్చీలు చూసి, మీ ఊళ్లో ఫుట్‌బాల్ ఎవరిక్కావాలయ్యా అని కోల్‌కతా మిత్రులు, కేరళ మిత్రులు నవ్వేవాళ్లు. 2025 అక్టోబరులో ఆ జట్టు పెట్టేబేడా సర్దుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. ఓడిపోయే జట్టు కాబట్టి జనం రాలేదని, జనం రాలేదు కాబట్టి జట్టు పోయిందని రెండు ముక్కల్లో తేల్చేస్తున్నారు. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాడిగా నాకు ఆ లెక్క కుదరడం లేదు.

అసలు ఈ ఊరి ఫుట్‌బాల్ పోలీసు లైన్లలోంచి, కంటోన్మెంటు పేటల్లోంచి వచ్చింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుదే. ఆ 1950లోనే డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్ లాంటి జట్టును ఓడించి కప్పు పట్టుకొచ్చారు. 1956-57లో, మళ్లీ 1957-58లో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌కి వచ్చింది. రాష్ట్రాలు కలిశాక సిటీ పోలీస్ కాస్తా ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది, అయినా కప్పులు ఆగలేదు. 1961లో డ్యూరాండ్ మళ్లీ మనదే. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత ఈ రోజు వరకూ ఆ ట్రోఫీ రెండు తెలుగు రాష్ట్రాల గడప తొక్కలేదు.

ఇదంతా ఒక బడిపంతులు చలవ. సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాలో చదువుకుని కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన మనిషి. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు, 1963లో క్యాన్సర్‌తో పోయేదాకా ఆటను వదల్లేదు. కుడికాలి వాటం ఉన్న కుర్రాళ్లు ఎడమకాలితోనే కొట్టాలని నియమం పెట్టి పోటీలు నడిపాడు. బంతిని కాళ్ల దగ్గర తిప్పుకుంటూ షోకులు చేయకుండా వెంటనే పక్కవాడికి అందించాలని ఇంకో రకం పోటీ. పిల్లలకి ఇవి ఆటవిడుపులా అనిపించేవి కాబోలు, కానీ వాటిలో తయారైనవాళ్లే దేశం జట్టులోకి వెళ్లారు. రహీం శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ ఆడి నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం తెచ్చింది. మనవాళ్లలో చాలామందికి ఆయన పేరు తెలియడానికి 2024లో అజయ్ దేవగన్ హిందీ సినిమా రావాల్సి వచ్చింది. అది వేరే బాధ.

రహీం తయారుచేసిన వాళ్లలో తులసీదాస్ బలరాం కథ నాకు ఇష్టం. సికింద్రాబాద్ అవతల అమ్ముగూడ కుర్రాడు, పేదింటివాడు. ఆట చూసి రహీం సాబ్ పిలిస్తే, రోజూ అంత దూరం రావడానికి తన దగ్గర దారి లేదన్నాడట. సైకిల్ అద్దెకు డబ్బులు రహీమే ఇచ్చాడు. ఆ అద్దె సైకిల్ మీద సిటీకి వచ్చి నేర్చుకున్న కుర్రాడు మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్ ఆడాడు, జకార్తాలో మెడలో స్వర్ణం వేసుకున్నాడు. 2023లో కోల్‌కతాలో కన్నుమూశాడు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. బలరాం పోయింది అమ్ముగూడలో కాదు, బెంగాల్‌లో. ఈస్ట్ బెంగాల్ అతణ్ని తీసుకుపోయి అక్కడివాణ్ని చేసేసుకుంది. తర్వాత తరాలదీ అదే దారి. నయీముద్దీన్, హబీబ్, అతని తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ, సికింద్రాబాద్ విక్టర్ అమల్‌రాజ్: వీళ్లంతా పేరు తెచ్చుకుంది కోల్‌కతా మైదానాల్లో. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నయీముద్దీనే కెప్టెన్. 1977 సెప్టెంబరులో పెలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినవాళ్లలో మన హబీబ్ ఒకడు. ఆ మ్యాచ్ 2-2తో ముగిసింది. కోల్‌కతా జనం అతణ్ని బడే మియా అని పిలుచుకున్నారు. ఆ మాటలో ఎంత ప్రేమ ఉందో హైదరాబాదీకి వేరే చెప్పక్కర్లేదు. చివరికి హబీబ్ ఈ ఊరికే తిరిగొచ్చాడు, 2023 ఆగస్టు 15న ఇక్కడే పోయాడు.

అంటే మన ఆటగాళ్లను చూడ్డానికి టికెట్టు కొని గ్యాలరీలు నింపింది బెంగాలీలు. ఇక్కడ మిగిలింది పేపర్లో స్కోరు చదువుకోవడం. పోలీసు జట్టు వెనకబడింది, ఫతే మైదాన్ లాల్ బహదూర్ స్టేడియమై క్రికెట్ చేతికి చిక్కింది, సంఘాల్లో పేచీలు పెరిగాయి. ఈ భాగం చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. నలభై ఏళ్లు అలా గడిచిపోయాయి.

2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. పుట్టిందనడం కంటే వచ్చిందనడం సబబు. పుణె సిటీ క్లబ్ మూతపడితే ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో ఖాళీ అయిన ఆ చోటు హైదరాబాద్‌కి దక్కింది. పసుపు, నలుపు జెర్సీ. ఆడేది గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో. మొదటి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో ఏటీకే చేతిలో 5-0తో చిత్తు. అయినా నవంబరు 2న సొంత మైదానంలో తొలి మ్యాచ్‌కి జనం వచ్చారు. కేరళ బ్లాస్టర్స్ మీద 2-1తో గెలిచాం. ఆ రోజు స్టాండ్లలో పసుపు రంగే పసుపు రంగు. అయితే కేరళ జట్టు జెర్సీ కూడా పసుపే కాబట్టి అందులో మనవాళ్లెంతమందో, మలయాళీలెంతమందో లెక్క తేల్చడం ఎవరితరమూ కాలేదు. ఆ సీజన్లో 18 మ్యాచ్‌లకి రెండంటే రెండే గెలిచి అట్టడుగున నిలిచింది జట్టు. అయినా వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. కొత్త మోజు అనండి, ఇంకేదన్నా అనండి.

తర్వాత జరిగిందే మా దురదృష్టం. కరోనా వల్ల రెండు సీజన్లు మొత్తం గోవాలోనే ఆడించారు. ఆ రెండేళ్లలోనే జట్టు మారిపోయింది. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు, కుర్రాళ్లతో ముచ్చటైన ఆట ఆడించాడు. 2021-22లో స్ట్రైకర్ ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్, మళ్లీ కేరళతోనే. ఈసారి పసుపు జెర్సీ మనకి దక్కింది, వాళ్లు నల్లది తొడుక్కున్నారు. ఆట ముగుస్తుందనగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన దెబ్బకి స్కోరు 1-1 అయింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి ముగ్గుర్ని ఆపేశాడు. 3-1. హైదరాబాద్ చాంపియన్!

మరి ఆ చాంపియన్ జట్టు ఆ ఏడాది హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఊరి పేరు మీద అన్నేళ్ల తర్వాత వచ్చిన కప్పును ఊరివాళ్లు సోఫాల్లో కూర్చుని చూశారు. కప్పు గెలిచిన జట్టుకి గ్యాలరీలో పరిచయమైన మొహం లేదు, గ్యాలరీకి పోదామనుకున్నవాడికి ఆ అలవాటు లేదు. అభిమానం అనేది వారం వారం పెంచుకునేది. ఒకే స్టాండులో ఒకే చోట కూర్చుని, పక్కవాడితో కలిసి తిట్టుకుని, ఇంటర్వెల్లో చాయ్ తాగి, ఓడినా మళ్లీ వచ్చేసరికి అది పట్టుకుంటుంది. మంచి రోజులున్న రెండేళ్లూ మాకు ఆ వీలు లేకపోయింది.

2022-23లో జట్టు గచ్చిబౌలికి తిరిగొచ్చి రెండో స్థానంలో నిలిచింది. సెమీఫైనల్ తొలి మ్యాచ్ ఇక్కడే జరిగింది, గోల్ లేకుండా ముగిసింది. కోల్‌కతాలో పెనాల్టీల్లో ఓడాం. ఆ ఒక్క ఏడాదీ బాగుంది. మరుసటి ఏడాది డబ్బు కటకట మొదలైంది. జీతాలు అందడం లేదని ఆటగాళ్ల ఫిర్యాదులు, కొత్తవాళ్లను తీసుకోకుండా నిషేధం, విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోవడం. చివరికి తంగ్‌బోయ్ సింగ్టో కోచ్‌గా కుర్రకారు మిగిలారు. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, ఆఖరి స్థానం. 2024లో యాజమాన్యం మారింది గానీ జాతకం మారలేదు. 2024-25లో 13 జట్లలో 12వ స్థానం.

ఆ ఆఖరి సీజన్లో ఒక చలికాలం రాత్రి గచ్చిబౌలికి వెళ్లాను. ఆ స్టేడియం అథ్లెటిక్స్ కోసం కట్టింది, గ్యాలరీకీ మైదానానికీ మధ్య పరుగుల ట్రాక్ ఉంటుంది. నిండితే పాతిక వేల మంది పైచిలుకు పట్టే చోట, ఎవరెక్కడ కూర్చున్నారో వేలు పెట్టి చూపించగలిగినంత మంది ఉన్నారు. గోల్‌కీపర్ డిఫెండర్ల మీద వేసే కేకలు, బంతి హోర్డింగుకి తగిలిన చప్పుడు పైవరసల దాకా వినపడుతున్నాయి. డెక్కన్ లీజియన్ అనే అభిమానుల బృందం కుర్రాళ్లు మాత్రం ఒక మూల నిలబడి డప్పు ఆపకుండా కొడుతున్నారు. రెండు గోల్స్ వెనకబడ్డాక కూడా ఒక్కడు కూర్చోలేదు. గెలిచే జట్టుకి ఈలలు వేయడం ఎవడైనా చేస్తాడు. వీళ్లని చూస్తే ముచ్చటేసింది, కాస్త జాలి కూడా వేసింది.

నా ముందు వరసలో బర్కస్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, పక్కన పదేళ్ల మనవడు. బర్కస్ అంటే నిజాం కాలం సైనికుల బ్యారక్కుల పేట, అక్కడ సందుసందుకీ ఫుట్‌బాల్ ఆడతారు. పిల్లాడు చాలాసేపు చూసి, "దాదా, ఇస్ మే అప్నే వాలే కౌన్ హై?" అన్నాడు. వీళ్లలో మనవాళ్లెవరని. ఆయన ఫోన్లో జట్టు జాబితా తీసి, కళ్లజోడు సర్దుకుని, పైనుంచి కిందికి చదివాడు. మళ్లీ ఒకసారి చదివి ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

నా లెక్క ఆ పిల్లాడి ప్రశ్నలో ఉంది. 2022 ఫైనల్లో దిగిన హైదరాబాద్ జట్టులో హైదరాబాదీ ఒక్కడూ లేడు. గోవా, మణిపూర్, సిక్కిం, ఉత్తరప్రదేశ్, బెంగాల్ కుర్రాళ్లు బ్రహ్మాండంగా ఆడారు, వాళ్ల ఆటకి వంక పెట్టను. కానీ రహీం కాలంలో పోలీసు జట్టు మైదానంలోకి దిగితే అది పక్కింటి కానిస్టేబులు, వెనక వీధి ఖాన్ సాబ్ కొడుకు, అమ్ముగూడ కుర్రాడు ఆడే ఆట. వాళ్ల కోసం వచ్చేవాళ్లు ముందు చుట్టాలూ స్నేహితులూ, ఆ తర్వాతే ప్రేక్షకులు.

ఓటమి వల్లే జనం రారన్నది నిజమైతే శ్రీనిధి డెక్కన్ ఆడే చోట తొక్కిసలాట ఉండాలి. ఐ-లీగ్‌లో ఆడిన ఆ క్లబ్ కూడా ఈ ఊరిదే. విశాఖపట్నం పేరుతో మొదలై ఇక్కడికి వచ్చింది. 2022-23లో రెండో స్థానం, 2023-24లోనూ రెండో స్థానం. అంత బాగా ఆడినా అజీజ్‌నగర్ డెక్కన్ ఎరీనాలో చిన్న స్టాండు నిండిన రోజులు తక్కువే. అటు పాయింట్ల పట్టిక అడుగున ఉన్న జట్టుకీ, ఇటు పైన ఉన్న జట్టుకీ కుర్చీలు ఒకేలా ఖాళీ.

దూరం సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ ఊళ్లో ఫుట్‌బాల్ బతికున్న పేటలు పాతబస్తీలోనూ, బర్కస్‌లోనూ, సికింద్రాబాద్ కంటోన్మెంటులోనూ ఉన్నాయి. స్టేడియం ఐటీ కంపెనీల మధ్య ఉంది. మెట్రో రాయదుర్గంతో ఆగిపోతుంది, అక్కణ్నుంచి ఆటో మాట్లాడుకోవాలి. రాత్రి ఏడున్నరకి మొదలైన మ్యాచ్ తొమ్మిదిన్నరకి వదిలితే, తెల్లారి బడికి పోవాల్సిన పిల్లాణ్ని తీసుకుని ఊరి ఈ చివర్నుంచి ఆ చివరికి పోవడానికి ఎవరికి ఓపిక? దగ్గర్లో ఉండే ఐటీ ఉద్యోగుల్లో బెంగాలీలు, మలయాళీలు బోలెడు. వాళ్ల జట్టు వచ్చినప్పుడు వాళ్లు వచ్చేవాళ్లు, అరిచేవాళ్లు, ఆ రోజు మన మైదానంలో మనమే చుట్టాలం.

2024 డిసెంబరు 31న అదే గచ్చిబౌలిలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. ఆతిథ్యం ఇచ్చిన తెలంగాణ గ్రూపు దశలోనే ఇంటిదారి పట్టింది. బెంగాల్, కేరళ ఆడాయి, బెంగాల్ 1-0తో గెలిచింది. ఆ ఫైనల్ గురించి మర్నాడు చాయ్ హోటల్లో మాట్లాడుకున్న హైదరాబాదీలు నాకైతే తగల్లేదు.

ఎవరో ఒకరు డబ్బు పట్టుకుని మళ్లీ వస్తారు, కొత్త పేరు, కొత్త జెర్సీ. ఈసారి వచ్చేవాళ్లు హోర్డింగుల మీద చార్మినార్ బొమ్మ వేసే ముందు రెండు పనులు చేస్తే బాగుంటుంది. ఈ ఊళ్లో జరిగే రహీం లీగ్ మ్యాచ్‌లకి వెళ్లి, ఏ ఇద్దరు కుర్రాళ్లనైనా ఎంచి జట్టులో పెట్టుకోవడం ఒకటి. నెలకి ఒక మ్యాచ్ అయినా లాల్ బహదూర్ స్టేడియంలో, సాయంత్రం నాలుగున్నరకి పెట్టించడం రెండోది. అప్పుడు కూడా జనం రాకపోతే కోల్‌కతా మిత్రులు ఏమన్నా పడతాను.