ఎల్లమ్మ కథలో రెండో తల



మొన్న కోదాడలో డిగ్రీ పిల్లలతో కూర్చున్నప్పుడు ఒకమ్మాయి ఫోన్లో ఒక బొమ్మ చూపించింది. నిలబడి ఉన్న ఆడమనిషి. తల నిండా పాములు. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో తెగిన మగవాడి తల. "అన్నా, ఈమె మెడూసా అంట గదా. రాక్షసి అని చదివిన. మరి రాక్షసికి విగ్రహం ఎందుకు పెట్టిన్రు?" అని అడిగింది.

ఆ విగ్రహం 2008లో లుచియానో గర్బాతీ అనే శిల్పి చేసింది. 2020లో దాన్ని న్యూయార్క్‌లో క్రిమినల్ కోర్టుకు ఎదురుగా పెట్టారు. పాత కథలో తల తెగింది ఆమెది, నరికింది పెర్సియస్ అనే వీరుడు. శిల్పి దాన్ని తిరగేశాడు. ఎందుకు తిరగేయాల్సి వచ్చిందో తెలియాలంటే రోమన్ కవి ఓవిడ్ రెండు వేల ఏళ్ళ కింద రాసిన కథ తెలియాలి. మెడూసా అందగత్తె. సముద్ర దేవుడు ఆమెను ఎథీనా దేవత గుడిలోనే చెరిచాడు. శిక్ష మాత్రం ఆమెకు పడింది. జుట్టు పాములైంది. చివరికి తల తెగి ఎథీనా డాలు మీద అలంకారమైంది.

ఇది నాకు కొత్త కథ అనిపించలేదు. మీకు అనిపించిందా?

మహాభారతం వనపర్వంలో రేణుక నీళ్ళకు పోతుంది. నదిలో భార్యలతో జలక్రీడలాడుతున్న చిత్రరథుడనే రాజును చూసి ఒక్క క్షణం మనసు చెదురుతుంది. అంతే. భర్త జమదగ్ని తల్లిని చంపమని కొడుకులకు చెప్తాడు. నలుగురు చంపరు. పరశురాముడు గొడ్డలి ఎత్తుతాడు. తర్వాత తండ్రిని వరాలడిగి తల్లిని బతికించుకుంటాడు. ఆ వరాల్లో ఇంకోటి కూడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు: చంపిన సంగతి ఆమెకు గుర్తుండకూడదట. చంపి, బతికించి, ఆ జ్ఞాపకాన్ని కూడా తీసేసుకున్నారు.

సంస్కృత కథ అక్కడ ఆగుతుంది. మా నడిగూడెం వైపు కథ అక్కడ ఆగదు. చిన్నప్పుడు బైండ్లవాళ్ళు జమిడిక వాయిస్తూ ఎల్లమ్మ కథ చెప్తుంటే మా నాయనమ్మ పక్కన కూర్చుని విన్నాను. ఊరికో తీరుగా చెప్తారు గానీ గుండెకాయ ఒకటే. రేణుక ప్రాణం కోసం మాదిగవాడకు ఉరికొస్తుంది. ఒక మాదిగామె ఆమెను కావలించుకుని అడ్డం నిలబడుతుంది. ఒక్క వేటుకు రెండు తలలు తెగుతాయి. తిరిగి అతికించేటప్పుడు తారుమారు అవుతాయి. రేణుక తల, మాదిగామె ఒళ్ళు కలిసి ఎల్లమ్మ అయింది. మిగిలిన తల, మిగిలిన ఒళ్ళు మాతంగి అయింది.

"రేణుకమ్మ మనసు చెదిరిందని నరికిరి. సరే. మరి మనామె ఏం జేసింది నాయనమ్మా?" అని అడిగాను.

"ఏం జేసింది బిడ్డా. అడ్డం వోయింది. గంతే."

అడ్డం పోయినామె గురించి పుస్తకాల్లో ఎంత ఉందో వెతకడం నేను అప్పుడే మొదలుపెట్టాననుకుంటా.

గ్రీకు కథల్లోనూ ఇలాంటి రెండో ఆడవాళ్ళు ఉన్నారు. హోమర్ ఒడిస్సీలో పెనెలోపీ మహా పతివ్రత. భర్త కోసం ఇరవై ఏళ్ళు ఎదురు చూసింది. ఆ భర్త తిరిగొచ్చి, ఇంట్లో తిష్ఠ వేసిన మగవాళ్ళను చంపాక, వాళ్ళతో పడుకున్నారని దాసీలను పట్టుకుంటాడు. ఇంట్లో దాసీలు యాభై మంది. అందులో పన్నెండు మందిని తేలుస్తారు. ముందు వాళ్ళ చేతనే శవాలు మోయించి, నెత్తురంటిన బల్లలు కడిగించి, ఆ తర్వాత ఉరి తీస్తారు. ఆ ఉరి తీసే చోట ఒక్కరి పేరు కూడా ఉండదు.

బానిసలకు ఒప్పుకునే హక్కు, కాదనే హక్కు ఉంటాయా? ఆ ఇంట్లో మెలాంతో అనే దాసీ ఉంది, పెనెలోపీ చేతుల్లో పెరిగిన పిల్ల. ఆమె తండ్రి డోలియస్‌ను పెనెలోపీ పెళ్ళికి పుట్టింటివాళ్ళు అరణంగా ఇచ్చారు. ఇది చదివినప్పుడు నాకు ఆడబాపలు గుర్తొచ్చారు. నిజాం తెలంగాణలో దొర బిడ్డ అత్తారింటికి పోతుంటే పెట్టెలతో పాటు పంపిన ఆడపిల్లలు. దొరసాని పాతివ్రత్యం ఆమె ఒంటికి సంబంధించింది. ఆడబాప ఒళ్ళు మాత్రం ఆ ఇంటి మగవాళ్ళందరిదీ. ఒకరి శీలాన్ని కాపాడే గోడ ఇంకొకరి ఒంటితో కట్టింది.

2005లో మార్గరెట్ అట్వుడ్ 'పెనెలోపియడ్' రాసి ఆ పన్నెండు మందికి గొంతు ఇచ్చింది. 2017లో ఒడిస్సీని అనువదించిన ఎమిలీ విల్సన్ ఇంకో సంగతి పట్టుకుంది. పాత ఇంగ్లీషు అనువాదాల్లో కొన్ని ఆ అమ్మాయిలను బజారు తిట్లు తిట్టాయి. గ్రీకు మూలంలో ఆ చోట ఆ తిట్టు లేనే లేదు. తిట్టు అనువదించిన మగవాళ్ళది.

మన దగ్గర కూడా పురాణాలను తిరగేసినవాళ్ళు గట్టివాళ్ళే. రంగనాయకమ్మ 'రామాయణ విషవృక్షం' రాసింది. ఓల్గా 'విముక్త'లో రేణుకను కూడా మాట్లాడించింది, ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. నేను వాళ్ళను తక్కువ చేయడం లేదు, ఆ పుస్తకాలు చదివే పెరిగాను. కానీ మనం ఇంకా రేణుక దగ్గరే ఉన్నాం. ఆమెను కావలించుకున్న చేతుల దాకా రాలేదు.

దీనికి మా ఊరి వైపు నుంచే ఒక పాత కారణం కనిపిస్తుంది. నడిగూడెం కోట మునగాల రాజావారిది. ఆ సంస్థానానికి దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు అక్క భండారు అచ్చమాంబ. బడికి పోకుండా తమ్ముడి పక్కన కూర్చుని చదువు నేర్చుకుని, 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చింది. ఆడవాళ్ళు పుట్టుకతో బలహీనులు కారని వాదించింది. 1905లో ముప్పై ఏళ్ళకే పోయింది. తెలుగులో ఆడవాళ్ళ చరిత్ర రాసిన తొలి స్త్రీ ఆమె. ఆమెకు దండం పెడతాను. అయినా ఆ పేరులో 'సచ్చరిత్ర' అనే మాట దగ్గర ఆగుతాను. మంచి నడవడి ఉన్నవాళ్ళకే చరిత్ర అంటే, మాతంగి ఎక్కడ కూర్చోవాలి?

ఎందుకంటే మాతంగి బూతులు తిడుతుంది. 1899లో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ ఒంగోలు మాదిగల గురించి రాసిన పుస్తకంలో ఆ జాతర ఉంది. పూనకం వచ్చిన మాదిగ ఆడది కల్లు నోట్లో పోసుకుని రెడ్డి మీద, బాపనాయన మీద ఉమ్ముతుంది, తిడుతుంది. వాళ్ళు నిలబడి పట్టుకుంటారు. మిషనరీకి అది మూఢాచారం. నాకు మాత్రం అది నరికిన సంగతి మర్చిపోని తల. రేణుక జ్ఞాపకం తీసేయగలిగారు గానీ మాతంగిది తీసేయలేకపోయారు.

అయితే మురిసిపోవద్దు. ఆ తిట్టే హక్కు జాతర రోజు దాకే. మిగతా రోజుల్లో అదే దేవత పేరు మీద మన మాదిగ, మాల ఆడపిల్లలను జోగినులను చేశారు. ఎల్లమ్మ తలకు బొట్టు పెట్టి దండం పెట్టిన చేతులే, ఎల్లమ్మకు ఒళ్ళిచ్చిన వాడలోని పిల్ల మీద ఊరుమ్మడి హక్కు అన్నాయి. దేవదాసీల సమర్పణను నిషేధిస్తూ చట్టం 1988లో వచ్చింది. ఆ తర్వాత కూడా పాలమూరు, ఇందూరు ఊళ్ళలో పిల్లలకు తండ్రి పేరు రాయించుకోవడానికి బడి చుట్టూ తిరిగిన తల్లులున్నారు.

ఆ కోదాడ అమ్మాయికి ఇదంతా చెప్పాక ఆమె ఫోన్లో మెడూసా బొమ్మను మళ్ళీ చూసుకుంది. "మనామె విగ్రహం పెడితే చేతిలో ఏం పెట్టాలె అన్నా, కత్తా?" అంది.

నేను ఏదో చెప్పబోయేలోపు పక్కనున్న పిల్ల అంది, "కత్తి ఎందుకే. రెండు చేతులా కావలించుకుని ఉంటది గదా."

వచ్చే భాగం జమిడిక పట్టిన బైండ్ల పెద్దల గురించి. మీ ఊళ్ళో ఎల్లమ్మ కథ ఎలా చెప్తారో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాయండి. ఆ మాదిగామెకు మీ దగ్గర పేరేమన్నా ఉంటే అది ముందు రాయండి.