ఈస్టరు పళ్ళెంలో లోక చరిత్ర

మన సంఘ ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. కోటల గురించి, రాజుల గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ఒక వంటకం చరిత్ర వ్రాస్తాను. అది మన వంటకం కాదు. అమెరికాలో ఈస్టరునాడు, కొన్ని ఇళ్ళలో క్రిస్మస్‌నాడు కూడా, కుటుంబమంతా కూర్చుని తినే వంటకం. పంది తొడకు తీపి పూత పూసి ఓవెన్‌లో కాల్చి, పక్కన బంగాళాదుంపలు వడ్డిస్తారు. ఆ మాంసాన్ని హామ్ అంటారు. మన సభ్యుల పిల్లలు అనేకులు విదేశాల్లో స్థిరపడ్డారు. కొందరికి వియ్యంకులు కూడా ఆ దేశస్థులే. నేనూ ఆ కోవలోని వాడినే.

ఫ్రిజ్‌లు లేని కాలంలో పల్లెల్లో చలికాలం ప్రవేశించగానే పందిని కోసేవారు. ఉప్పు ఎముక దాకా దిగేలోగా మాంసం చెడకుండా చలి కాపాడేది. ఉప్పు పట్టించిన తొడలను పొగబెట్టి, వ్రేలాడదీస్తే వసంతకాలానికి తయారయ్యేవి. సరిగ్గా అప్పుడే నలభై రోజుల ఉపవాస దినాలు ముగిసి ఈస్టరు వచ్చేది. తాజా మాంసం దొరకని ఆ రోజుల్లో నిలవ ఉన్న హామే పండుగ భోజనమయింది. అంటే నేటి ఈ విందుకు మూలం విలాసం కాదు, ముందుచూపు. ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టుకునే మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ విద్య చాలా పాతది. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో రోమన్ పెద్దమనిషి కేటో వ్యవసాయంపై వ్రాసిన గ్రంథంలోనే తొడలకు ఉప్పు పట్టించే పద్ధతి ఉంది. అపీసియస్ పేరుతో వచ్చిన రోమన్ వంటల గ్రంథంలో హామ్‌కు తేనె పట్టించడం కనిపిస్తుంది. ఉప్పదనానికి తీపి విరుగుడన్నమాట.

ఇప్పటి పద్ధతి మా వియ్యపురాలు చేస్తుండగా చూశాను. బజారులో దొరికే హామ్ చాలావరకు ముందే ఉడికించి ఉంటుంది. పైనున్న కొవ్వు మీద కత్తితో డైమండు గళ్ళుగా గాట్లు పెట్టి, గళ్ళు కలిసేచోట ఒక్కొక్క లవంగం గుచ్చుతారు. సన్నని వేడిలో చాలాసేపు ఉంచి, బెల్లం రంగు చక్కెర, ఆవపిండి ముద్ద కలిపిన పూతను చివరి అరగంటలో పూస్తారు. ముందే పూస్తే చక్కెర మాడిపోతుంది.

ఈ దినుసుల వెంట వెళితే మన ఊళ్ళే తగులుతాయి. లవంగాలు మలుకు దీవులవి. వాటిని కొనడానికి డచ్చివారికి అక్కడ చెల్లుబడి అయ్యే సరుకు కావలసివచ్చింది. ఆ సరుకు మన కోస్తా నేతబట్టలు. అందుకే వారు 1605లోనే మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టారు. హామ్‌కు ఎర్రని రంగు నిలిపేది సురేకారం. తుపాకిమందు కోసం ఇంగ్లీషు కంపెనీ బీహారు నుంచి ఓడలకొద్దీ తరలించినదీ అదే. ఇప్పుడు దాని స్థానంలో చాలావరకు నైట్రైట్ లవణం వాడుతున్నారు. అమెరికా ప్రభుత్వం 1925లో దానిని అనుమతించింది. ఇంగ్లీషువారి ‘షుగర్’ అనే మాటకు మూలం మన ‘శర్కర’. చెరకు తోటల్లో బానిసత్వం రద్దయ్యాక, 1830ల నుంచి మారిషస్ తోటలకు మన కూలీలను ఓడలెక్కించారు. కోరంగి రేవు పేరు మీదుగా అక్కడి తెలుగువారికి ‘కోరంగీలు’ అని పేరు వచ్చింది. తీపి వెనుక చేదు ఎంత ఉందో చూడండి.

ఇక బంగాళాదుంప. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. అక్కడివారు రాత్రి మంచులో గడ్డకట్టించి, పగలు ఎండబెట్టి, ఏళ్ళ తరబడి నిలవ చేసేవారు. స్పానిష్‌వారి ద్వారా ఐరోపా చేరినా అక్కడి రైతులు చాలాకాలం నమ్మలేదు. 1756లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ దీనిని పండించమని ఉత్తర్వు ఇవ్వవలసివచ్చింది. ఆ తరువాత ఐర్లండు పేదలు దీనినే నమ్ముకొని బ్రతికారు. 1845లో పైరుకు తెగులు సోకి, కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. దాదాపు అంతమందీ దేశం విడిచిపోయారు. వారిలో ఎందరో అమెరికా చేరారు. మనకు ఈ దుంప వచ్చిన దారిని దాని పేరే చెబుతుంది.

మేము దంపతులం శాకాహారులం. మొదటిసారి ఈస్టరుకు అక్కడ ఉన్నప్పుడు, ఆ బల్ల దగ్గర కూర్చోవడమా, పైగదిలో పెరుగన్నం తినడమా అని ముందురోజు రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. పొద్దున వంటింట్లో చూస్తే వియ్యపురాలు మా దుంపలను వేరే ట్రేలో, మాంసపు కొవ్వు తగలకుండా, నూనెతో వేయిస్తున్నారు. ఎవరూ చెప్పకుండానే చేశారు. మధ్యాహ్నం మనవరాలు “తాతయ్యా, నా పక్కన” అని కుర్చీ లాగింది. కూర్చున్నాం. మా పళ్ళెంలో దుంపలు, వారి పళ్ళెంలో హామ్. ఆ పూట మా మామ్మగారి ఊరగాయ జాడీల సంగతి నేను చెప్పాను, వారి ముత్తాత గారి పొగ కొట్టం సంగతి వియ్యంకుడు చెప్పారు.

మాంసాహారులైన సభ్యులకు ఒక మాట. హామ్‌లో ఉప్పు ఎక్కువ. రక్తపోటు ఉన్నవారు రుచి చూసి ఊరుకోవడం మేలు. ఇలా నిలవ చేసిన మాంసాలను రోజూ తినడం క్యాన్సర్‌కు దారితీయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ప్రకటించింది.

పిల్లల వద్దకు వెళ్ళే మిత్రులకు నా మనవి. ఏది తినాలో, ఏది మానాలో మన ఇష్టం. దానికెవరూ అడ్డు చెప్పరు. కాని బల్ల దగ్గర మన కుర్చీ ఖాళీగా ఉంటే, మనవలు మన గురించి వినవలసిన మాటలు వినకుండానే పెరుగుతారు. ఆ వంటకం వారి ఇంటికి ఎలా వచ్చిందో అడగండి. తరువాత మనది చెప్పండి.