కుట్టకముందే అడగాల్సిన మాట

2024 జూన్ మూడో వారం. మృగశిర చినుకులు పడ్డాయి, చేలల్లో పత్తి గింజలు పెడుతున్నారు. మీరు కరీంనగర్ వైపు ఒక పల్లెలో, ప్రభుత్వ ఉన్నత పాఠశాల తొమ్మిదో తరగతి గదిలోకి వస్తున్నారు. పిల్లల బెంచీల మీద తల్లులు ఇరుకిరుకుగా కూర్చున్నారు. కొందరి కాళ్లకు చేను మట్టి ఇంకా ఆరలేదు. పూట కూలి వదులుకొని వచ్చిన వాళ్లు. తండ్రులు కొద్దిమందే, వెనక గోడకు ఆనుకొని నిలబడ్డారు. చివరి బెంచీ మీద మీకు చోటుంది, కూర్చోండి. ఊరి పేరు అడగకండి. జూన్ 12న బడులు తెరిచాక ఇలాంటి గది తెలంగాణలో ఏ మండలంలోనైనా కనిపించేదే.

బల్ల మీద కొత్త యూనిఫాం జతలు కట్టలుగా ఉన్నాయి. కొత్త గుడ్డ వాసన గదంతా నిండింది. హెడ్మాస్టరు సారు ఒక జత విప్పి పైకెత్తి చూపిస్తారు. ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు పంజాబీ డ్రెస్సు, దాని మీద చున్నీకి బదులు కోటు. "ఇగ మన పిల్లలు ప్రైవేటు బడి పిల్లలకు ఏం తీసిపోరు" అంటారు. ఆయన ముఖంలో సంతోషం నిజమైనది.

మూడో బెంచీలో ఒక తల్లి లేస్తుంది. చేతిలో కూతురి టాప్ ఉంది.

"సారూ, నా బిడ్డ ఎనిమిదో తరగతి. ఇది ఛాతి కాడ పడ్తలేదు. నిన్న తొడుక్కొని చూసుకొని ఏడ్చింది. బడికే రానంటున్నది. ఇప్పి కుడుదామంటే కుట్టు లోపల గుడ్డ కూడ ఇడువలేదు."

ఆమె కుట్టు తిరగేసి అంచు చూపిస్తుంది. పక్క బెంచీల్లో తలలు ఊగుతాయి. పదమూడేళ్ల పిల్లకు బిగుతు బట్ట అంటే రోజంతా పుస్తకాల సంచి ఛాతికి అదుముకొని నడవడం. ఆ సంగతి ఈ గదిలో ప్రతి తల్లికీ తెలుసు. వెనక నిలబడ్డ తండ్రులు నేల చూపులు చూస్తున్నారు.

మహిళా సంఘంలో మిషన్ కుట్టే ఆమె ఊరుకోలేకపోయింది. ఆమె పిల్లలూ ఇదే బడిలో చదువుతున్నారు. "అక్కా, నన్నంటే ఏమొస్తది? తరగతికి ఇంత అని కొలతలిచ్చిన్రు. ఒక్క తరగతిల పిల్లలందరు ఒక్క తీరుగ ఉంటరా? బడి తెరిచేటాళ్లకు ఇయ్యాలన్నరు. రాత్రి కూసొని కుట్టిన."

ఆమె మాటలోనే అసలు సంగతి ఉంది. యూనిఫాం గుడ్డకు సిరిసిల్ల మరమగ్గాల మీద ఆర్డర్లు ఉంటాయి, నేత కుటుంబాలకు అది పని. కుట్టే పని 2024లో బడుల్లోని అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా మహిళా సంఘాలకు ఇచ్చారు. జతకు 50 రూపాయలున్న కుట్టుకూలిని 75 చేశారు. గుడ్డ మన దగ్గరిది, కుట్టే చేయి మన ఊరిది. రెండూ మెచ్చుకోవలసినవే. కానీ 75 రూపాయల కూలికి, ముంచుకొచ్చే గడువుకు, ఇంటింటికీ వెళ్లి పిల్ల పిల్లకూ కొలత తీసుకోవడం ఎవరివల్ల అవుతుంది? తప్పు ఆ మిషన్ దగ్గర లేదు.

"సారూ, రెండే జతలు. వానకాలం ఉతికి ఆరేస్తె రెండు దినాలైనా ఆరదాయె. పచ్చి బట్ట తొడిగి తోలాలె" అంటుంది ఇంకో తల్లి. సారు లెక్క చెబుతారు. సమగ్ర శిక్ష కింద ఎనిమిదో తరగతి దాకా పిల్లకు ఏటా 600 రూపాయలు, అది రెండు జతలకు. ఆమె మళ్లీ అడుగుతుంది: "అట్లయితె ఆరని దినం రంగు బట్టలతోని వస్తె బయట నిలబెట్టొద్దు. పోయినేడు నా కొడుకు రెండు పీరియడ్లు వరండాల నిలబడ్డడు."

ఈ మాట దగ్గర మీరు ఆగాలి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. తడిసిన చొక్కా కోసం పాఠం పోగొట్టుకున్న పిల్లవాడికి ఆ యూనిఫాం ఏ సమానత్వం నేర్పినట్టు?

ఇప్పుడు గోడ దగ్గరి నుంచి ఒక తండ్రి గొంతు. "చున్నీ లేకుంట ఆడపిల్లను ఎట్ల తోలాలె సారూ? తొవ్వ పొంటి నలుగురు చూస్తరు." కొందరు అవునంటారు. కిటికీ బయట నిలబడ్డ ఆయన కూతురు లోపలికి తొంగి చూసి అంటుంది: "బాపూ, చున్నీ సైకిల్ చక్రంల చిక్కి పోయినేడు కింద పడ్డ గదా. కోటైతె ఆ బాధ లేదు. ఆటల పీరియడ్ల ఉరకొచ్చు."

ఆయన వెంటనే ఏమీ అనడు. ఆయన భయం అబద్ధం కాదు. అయితే తోవలో చూసే కళ్లకు సమాధానం చెప్పాల్సిన బరువు పిల్ల భుజాల మీద పెట్టడం న్యాయం కాదు. కోటు కావాలన్న పిల్లకు కోటు, చున్నీ కావాలన్న పిల్లకు చున్నీ. ఈ వెసులుబాటుకు ఖర్చేమీ లేదు.

ముందు బెంచీలో నల్ల బురఖాలో ఉన్న తల్లి మెల్లగా అడుగుతుంది: "సార్, గిదే రంగు స్కార్ఫ్ మా పిల్ల తలకు కట్టుకుంటె ఏమన్న అంటరా?" సారు అంటారు: "కట్టుకోనియ్యమ్మా. పిల్ల బడికి వస్తే చాలు." రెండు ముక్కల్లో తేలిపోయిన ఈ మాటే ఇంకో చోట ఎంత దూరం పోయిందో గుర్తు తెచ్చుకోండి. ఉడుపిలోని ప్రభుత్వ బాలికల పీయూ కాలేజీలో 2021 చివర మొదలైన హిజాబ్ వివాదం 2022 ఫిబ్రవరి 5న కర్ణాటక ప్రభుత్వ ఉత్తర్వు దాకా, మార్చి 15న హైకోర్టు తీర్పు దాకా వెళ్లింది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. ఈలోగా కొందరు ఆడపిల్లలు పరీక్షలకు దూరమయ్యారు. కేరళలోనూ యూనిఫాం మీద గొడవ జరిగింది. 2021 డిసెంబరులో కోళికోడ్ జిల్లా బాలుశ్శేరి ప్రభుత్వ బాలికల పాఠశాల ప్లస్ వన్ (పదకొండో తరగతి) విద్యార్థినులకు ప్యాంటు, చొక్కా పెట్టింది. చాలామంది పిల్లలు సంతోషించారు, ముస్లిం సంస్థలు బలవంతం అంటూ నిరసన తెలిపాయి. మరుసటి ఏడు ముఖ్యమంత్రి పినరయి విజయన్ ఎవరి మీదా దుస్తులు రుద్దబోమని శాసనసభలో చెప్పాల్సి వచ్చింది.

గదిలోకి తిరిగి రండి. ఊరి మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘం అధ్యక్షురాలు రిజిస్టరు తెరిచింది. మూడు తీర్మానాలు రాయించింది: పడని జతలు వాపసు తీసుకొని సరిచేయాలి, యూనిఫాం లేదని ఏ పిల్లనూ తరగతి బయట ఉంచకూడదు, వచ్చే ఏడాది గుడ్డ రాకముందే ఒక్కో పిల్ల కొలత బడిలోనే తీసుకోవాలి. సంతకాలు, వేలిముద్రలు పడుతున్నాయి. గోడ దగ్గర మాట్లాడిన తండ్రి కూడా వచ్చి సంతకం పెట్టాడు. చున్నీ మాట తేలలేదు. అది ఇంట్లో తండ్రీకూతుళ్లు మాట్లాడుకుంటారు.

ఈ తల్లులు యూనిఫాం వద్దనలేదు. ఉన్నింటి పిల్లా లేనింటి పిల్లా ఒకే బట్టలో కూర్చోవడం వాళ్లకూ ఇష్టమే. తమను అడగకుండా, తమ పిల్లల ఒళ్లు కొలవకుండా, తమ ఇంటి దండెం సంగతి తెలియకుండా నిర్ణయించారన్నదే వాళ్ల అభ్యంతరం. దాన్ని ఎదురుతిరగడం అనుకునే అధికారి తనకు దొరికిన మంచి సమాచారాన్ని పారేసుకుంటున్నట్టే.

2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. నమూనా రాజధానిలో ఖరారై, కట్టలు ఊరికి చేరాక ఆ కమిటీని పిలిస్తే సంతకం తప్ప అడగడానికి ఏమీ మిగలదు. కత్తెర పడకముందే, ఫిబ్రవరిలోనో మార్చిలోనో పిలవండి. ఆడపిల్లలను కూర్చోబెట్టి వాళ్లకేం కావాలో వాళ్ల నోటనే వినండి. కుట్టే ఆడవాళ్లకు కొలత తీసుకునే సమయం, దానికి తగిన కూలి ఇవ్వండి.

తల్లిదండ్రులకూ ఒక మాట. మీ ఊరి బడిలో కమిటీ సమావేశం ఎప్పుడో కనుక్కొని వెళ్లండి. పడని బట్ట ఉంటే చేతిలో పట్టుకెళ్లి చూపించండి. చెప్పిన మాట రిజిస్టరులో రాసేదాకా లేవకండి. అది మీకు చట్టం ఇచ్చిన హక్కు.