విద్యార్థి యన్నము

మన దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు మెట్టసీమలు. వాన కురిసినఁ బండును, కురియనిచో నెండును. ఇట్టి పల్లెలనుండి యీయేఁడు కళాశాలలలోఁ జేరఁబోవు బాలబాలికలకు రెండు భయము లుండును. పాఠము తల కెక్కునో యెక్కదో యనునది మొదటిది. ఒరుల సహాయముతోఁ జదువుట చిన్నతనము గదా యనునది రెండవది. మొదటిదానిని శ్రద్ధయే తీర్చును. రెండవదానిని బోఁగొట్టుటకై పూర్వచరిత్రమును గొంత స్మరింతము.

గురుకులములందు బ్రహ్మచారికి భిక్ష విధియే కాని దైన్యము కాదు. కలవారి బిడ్డయైనను భిక్ష యెత్తి, తెచ్చినది గురువునకు నివేదించి, యనుజ్ఞ గొని భుజింపవలెను. విద్యార్థిని బోషించుట గృహస్థుని ధర్మమనియు, నట్లు పోషింపఁబడుట విద్యార్థి కవమానము కాదనియు దీని తాత్పర్యము.

ఈ ధర్మమునే మన రాజులు శిలపైఁ జెక్కించిరి. క్రీ.శ. 1261 నాఁటి మల్కాపుర శాసనమువలన, కాకతి గణపతిదేవుఁడును రుద్రమదేవియు విశ్వేశ్వరశివాచార్యునకుఁ గృష్ణాతీరమున గ్రామము లొసఁగి రని తెలియుచున్నది. ఆ యాచార్యుఁడు వానితో దేవాలయమును, మఠమును, విద్యాలయమును, ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను, సత్రమును నెలకొల్పెను. మూఁడు వేదములకు మువ్వురును, తక్కిన శాస్త్రములకు నేవురును నుపాధ్యాయు లుండిరి. విద్యార్థుల భోజనమునకు ఆదాయమునందు భాగ మేర్పడెను. సత్రమునందు బ్రాహ్మణుఁడు మొదలు చండాలునివఱకు నెల్లవారికి నన్నము పెట్టవలెనని యందుఁ గలదు. పాఠశాలయు వంటశాలయు నొక్క శాసనమునందే చోటు గొన్నవి.

పోషణము తప్పినచో విద్య యేమగునో తరువాతి కాలము చూపినది. మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822లో బడులను గూర్చి విచారణ చేయించెను. 1826 నాఁటికి రాజధాని యంతటను 12,498 బడులును, వానిలో 1,88,650 మంది పిల్లలును లెక్కకు వచ్చిరి. నాఁడు అనంతపుర ప్రాంతము కూడఁ జేరియున్న బళ్లారి మండలపు కలెక్టరు కాంబెల్ 1823లో నివేదిక పంపుచు, పది లక్షలకు సమీపించిన జనములో బడికిఁ బోవువా రేడువేలైనను లేరనియు, మునుపు బడులున్న యనేక గ్రామములలో నవి మూతపడె ననియు, దానికిఁ బ్రజల పేదఱికమే ముఖ్యకారణ మనియు వ్రాసెను. బుద్ధి లేక కాదు, కూడు లేక చదువు చెడినది.

ఆ కష్టకాలమున వారములు చేసికొని చదువుట యను నాచారము కొందఱిని గాపాడెను. దినమునకొక యింట భుజించుచు నెందఱో చదివి పండితులైరి. కాని యది కొలఁది కులములవారికే యనుకూలించెను. సేద్యగాండ్ర బిడ్డలకును, చేతిపనులవారి బిడ్డలకును, అంటరానివారని దూరముగ నుంచఁబడినవారి బిడ్డలకును బస్తీలో నట్టి గడపలు దొరకుట యరుదు.

తల్లియే సత్రమైన కథ మన చెంతనే కలదు. 1904లో గుంటూరు మండల మేర్పడువఱకు ఒంగోలు నెల్లూరు మండలములోనిదే. అచ్చట టంగుటూరి ప్రకాశము పంతులుగారి తల్లి సుబ్బమ్మగారు, భర్త గతించినపిమ్మట పూటకూళ్ల యిల్లు నడపి బిడ్డలను బెంచెను. పరీక్షరుసుము మూఁడురూపాయలకై తన పట్టుచీరను గుదువ పెట్టెను. ఇమ్మానేని హనుమంతరావు నాయఁడుగా రను నుపాధ్యాయులు వేఱు కులమువారయ్యు నా బాలుని జేరఁదీసి చదివించిరి. ఆ బాలుఁడే బారిష్టరై, 1953లో నాంధ్రరాష్ట్రమునకుఁ బ్రథమ ముఖ్యమంత్రి యయ్యెను. ఆ చీర వెల యెంత యని యిపుడు లెక్కింపఁగలవా రెవరు?

ఇంటింట నడచిన యీ పనినే సంఘములు చేపట్టినపుడు వసతిగృహములు పుట్టినవి. 1918లో హైదరాబాదున నెలకొన్న రెడ్డి వసతిగృహమునకు రాజబహదూరు వేంకటరామరెడ్డిగారు మూలస్తంభము. సురవరము ప్రతాపరెడ్డిగారు దాని నిర్వహణభారము వహించిరి. తరువాతఁ బెక్కు కులములవా రీ మార్గమునే త్రొక్కిరి. కళాశాలలును జేరువైనవి. 1920లో నెల్లూరున వేంకటగిరి రాజాగారి కళాశాలయు, 1951లోఁ గావలి జవహరు భారతియు వెలసినవి. నేఁడు ప్రభుత్వ వసతిగృహములును, ఉపకారవేతనములును గలవు.

కావున విద్యార్థులారా, వసతిగృహమున గూర్చుండి యన్నము తినునపుడు తల వంపకుఁడు. అది మీకు ముందే యెవ్వరో తీసి యుంచిన భాగము. ఆంగ్లమునఁ దడఁబడితిమని తరగతిలో నోరు మూసికొనకుఁడు. తెలియనిది యానాఁడే యడుగుఁడు. సొమ్ము చాలనిచో మిన్నకుండి చదువు మానుకొని తిరిగి రావలదు. ముందుగఁ బెద్దలకుఁ దెలుపుఁడు. సహాయ మడిగినవాఁడు చెడలేదు, అడుగక మరలినవాఁడే చెడెను. సంపాదన మొదలైన యేఁట నొక్క విద్యార్థి భోజనవ్యయమైన భరింపుఁడు. ఋణము తీర్చుటకు వేఱు మార్గము లేదు.

దాతలకు నొక విన్నపము. కుమారునకిచ్చు చేయూత కుమార్తెకును గొఱఁతపడకుండుఁ గాక. మన యింటి బిడ్డలతోపాటు పొరుగుకులపు బీదబిడ్డకు నొక విస్తరి వేయుఁడు. మల్కాపుర సత్రమున కులభేదము లేక యన్నము పెట్టిన దేడువందల యేండ్లకు మునుపే గదా!

క్రొత్తగఁ గళాశాల గడప త్రొక్కు చిరంజీవులకెల్ల విద్యాప్రాప్తిరస్తు.