పెరట్లోని షెడ్డుకు వైఫై అందట్లేదా? ఎంత దూరానికి ఏది బెస్ట్ అంటే..

అనకాపల్లి జిల్లా ఎస్. రాయవరం లాంటి పల్లెల్లో ఇల్లు ఒకచోట, పశువుల పాకో మోటారు గదో కాస్త దూరంగా ఉండటం మామూలే. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా ఇళ్ల దాకా వచ్చింది. అక్కడి నుంచి పెరట్లోకి తీసుకెళ్లడం మాత్రం ఇంటివాళ్ల పనే.

సిగ్నల్ ఎందుకు ఆగుతుంది?
మందపాటి గోడలు వైఫైని బలహీనం చేస్తాయి. రేకుల షెడ్డయితే ఇంకా కష్టం.

దగ్గరైతే: ముందు రూటర్‌ను పెరటి వైపు కిటికీ దగ్గరికి మార్చి, 2.4 గిగాహెర్ట్జ్‌లో చూడండి. స్పీడ్ తగ్గినా, 5 గిగాహెర్ట్జ్ కంటే దూరం వెళ్తుంది. ఖర్చు సున్నా.

100 మీటర్లలోపు: ఔట్‌డోర్ క్యాట్-6 కేబుల్‌ను పైపులో వేసి, షెడ్డులో యాక్సెస్ పాయింట్ పెట్టాలి. ఈథర్నెట్ కేబుల్ పరిమితి 100 మీటర్లే.

అంతకు మించితే: ఫైబర్ లాగి రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు పెట్టాలి. లేదంటే వైర్‌లెస్ బ్రిడ్జ్. అయితే మధ్యలో చెట్లు అడ్డు రాకూడదు.

పిడుగులతో జాగ్రత్త!
రాగి కేబుల్ ద్వారా పిడుగు ప్రభావం రెండు చివర్ల పరికరాలనూ కాల్చేయొచ్చు. లోహపు తీగ లేని ఫైబర్‌కు ఆ భయం లేదు. రాగి కేబుల్ అయితే ఉరుములు మొదలవక ముందే ప్లగ్‌తో పాటు కేబుల్ కూడా తీసేయాలి. కరెంటు వైరు ఉన్న పైపులో నెట్ కేబుల్ అస్సలు వేయొద్దు.

ఏది కొనాలన్నా ముందు టేపుతో దూరం కొలుచుకోండి.