మెట్టచేను - చెట్ల లెక్క

నల్లమలకును వెలికొండలకును నడుమనున్న కొమరోలు ప్రాంతము మెట్టసీమ. కంది, సజ్జ, కొఱ్ఱ విత్తి ఇచ్చటి రైతు ఆకసమువంక చూచును. వాన తప్పిన యేట గాదెలో గింజ ఉండదు, వామిలో చొప్ప ఉండదు. అట్టి చేలలో పంట మాని చెట్లు పెంచినచో అవి గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొయ్యగా మార్చి నిలుపుననియు, అందులకు దూరదేశములవారు ధర యిత్తురనియు నేడు వినుచున్నాము. ఈ బేరమును పూర్వానుభవముతో తూచి చూడవలసియున్నది.

మన పూర్వులు తటాకమును, వనమును రెండింటిని సప్తసంతానములలో చేర్చిరి. కొమరోలునకు దక్షిణముననున్న పోరుమామిళ్ల చెఱువు శాసనము 1369 నాటిది. గుండ్లకమ్మకు అడ్డముగా కంభము చెఱువు వెలసినది 16వ శతాబ్దమున. తటాకము పంటకు, వనము నీడకును ఫలమునకును. ఒకటి రెండవదానిని త్రోసివేయునది కాదు.

1980 తరువాత కాగితపు మిల్లులకొఱకు జామాయిలు, సుబాబులు మన చేలలోనికి వచ్చినవి. వానకు వెఱవని చెట్లని రైతులు సంతసించిరి. కాని నాలుగైదేండ్లకు గాని సొమ్ము చేతికి రాదు. కలుపునకు, కోతకు పోవు కూలీలకు ఆ చేలలో పని తగ్గును. ఖమ్మము జిల్లాలో 3,000 హెక్టార్లకు పైబడిన ఇట్టి తోటలు 2009లో ఐక్యరాజ్యసమితి కర్బన పథకమున నమోదైనవి.

అంతకుముందే, 2003లో, నాటి ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడ గిరిజన స్త్రీలు కనుగనూనెను డీజిలునకు మారుగా వాడుటవలన తగ్గు 147 టన్నుల వాయువునకు ప్రపంచబ్యాంకు 645 డాలర్లు చెల్లించినది. టన్నునకు నాలుగున్నర డాలర్లయినను పడలేదు. అయినను ఇందొక విశేషము కలదు: చెట్టును నఱకకయే, గింజ ఏరుకొని వారు ఆ లెక్కకెక్కిరి.

ఎండిన కొయ్యలో ఇంచుమించు సగము కర్బనము. చెట్టు నఱకి కాగితము చేసి, ఆ కాగితమును కాల్చినచో అది మరల గాలిలో కలియును. కనుకనే 1997 నాటి క్యోటో ఒడంబడికను అనుసరించిన పథకమున తోటలకిచ్చిన పత్రములు తాత్కాలికములైనవి. కర్బనమునకు వెల కట్టువారు ఏండ్ల తరబడి చెట్టు నిలువవలెనందురు; రైతు బిడ్డలకు అన్నము ఈ యేడే కావలెను.

కావున మా అభిప్రాయమిది: గట్లపై కనుగ, వేప నాటవచ్చును; సాగుకు రాని గరువునేలను తోపు చేయవచ్చును. తిండిగింజ పండు చేనిని మాత్రము పూర్తిగా చెట్లకు విడువరాదు. ఒడంబడికపై వ్రాలు చేయుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగవలెను. భూమి ఎన్నియేండ్లు కట్టుబడియుండును? చెట్లు ఎండినచో నష్టమెవరిది? కౌలుదారునకు దక్కునదేమి? ఈ మూటికిని స్పష్టమైన సమాధానము దొరకువఱకు చేనిలో కందిసాళ్లు ఉండుటయే మేలు.