నలగని చీర

పొద్దున్న నాలుగింటికే లేచింది. పాపకు మూడో నెల. డాక్టరు చూసేది పదకొండింటికి.

గంజిపెట్టి ఇస్త్రీ చేయించిన నేత చీర రాత్రే కుర్చీ మీద సిద్ధంగా పెట్టుకుంది. జుట్టు చిక్కు తీసుకోవడానికే గంట పట్టింది. కుచ్చిళ్లు పోసుకుంటూ రెండుసార్లు మంచం మీద కూలబడింది. మళ్లీ లేచి బొట్టు పెట్టుకుంది, కాటుక దిద్దుకుంది, అద్దం ముందు నిలబడి ఒకసారి నవ్వి చూసుకుంది.

“ఇవాళ ఎంత కళగా ఉన్నావే!” అంది తల్లి.

తొలి రెండుసార్లూ ఇలాగే వెళ్లింది. “బాగానే ఉన్నానండీ” అంది. అవే మాత్రలు రాశారు. ఇంటికొచ్చాక చీరైనా మార్చుకోకుండా గోడవైపు తిరిగి పడుకుంది.

మనసు డాక్టర్లు పరీక్షలో ముందుగా చూసేది మనిషి రూపం, నడత. బట్టలు, జుట్టు, శుభ్రత, ఎదుటివారి కళ్లలోకి చూసి మాట్లాడే తీరు. తన మీద తనకు శ్రద్ధ పోవడం డిప్రెషన్ గుర్తుల్లో ఒకటి. ఇదంతా ఆమెకు ఎవరూ చెప్పలేదు. కానీ పెళ్లిచూపుల్లో కూర్చున్న ఆడపిల్లకు, చూసేవాళ్లు ఏం చూస్తారో వేరే చెప్పాలా?

పైగా అత్తగారి మాట ఒకటి చెవినపడింది. “ఆసుపత్రిలో పెట్టుకుంటామంటే పెట్టుకోనీ, పిల్ల మన దగ్గరుంటుంది.” ఆ రోజు నుంచి చీరే ఆమెకు కాపలా.

ఈసారి ఒక కాగితం ఇచ్చారు. బాలింతల కోసం 1987లో వెలువడిన ఎడిన్‌బరో ప్రశ్నావళి. పది ప్రశ్నలు, గడిచిన 7 రోజుల గురించి. పదోది, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. ‘ఎప్పుడూ లేదు’ దగ్గర టిక్కు పెట్టి ఇచ్చేసింది.

డాక్టరమ్మ కాగితం చూసింది. ఆమెను చూసింది. “ఈ చీర కట్టుకుని తయారవడానికి ఎంతసేపు పట్టిందమ్మా?”

ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోలేదు. “నాలుగింటికి మొదలుపెట్టానండీ. తొమ్మిదయింది.”

“మిగతా రోజుల్లో?”

“స్నానం చేసి వారం దాటింది.”

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. “ఆ కాగితం ఒకసారి మళ్లీ ఇస్తారా?” అని ఆమే అడిగింది. పదో ప్రశ్న దగ్గర టిక్కు కొట్టేసి, ఇంకో చోట పెట్టింది. అప్పుడు అడిగింది, మూడు నెలలుగా గొంతులో పెట్టుకున్న మాట. “నా పాపను తీసేసుకుంటారా?”

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 21వ సెక్షన్ దీనికి జవాబు చెబుతుంది. ఆసుపత్రిలో ఉండి చికిత్స పొందే తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరుచేయకూడదు. బిడ్డకు ముప్పుంటేనో, బిడ్డ మేలు కోసమైతేనో తప్ప; అదీ తాత్కాలికంగానే. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలిద్దరికీ కలిపి వార్డే ఉంది. ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే, మొదటిసారే నిజం చెప్పేది.

అందుకే బాలింతను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకు నా విన్నపం: ముస్తాబు చూసి మురిసిపోకండి, ఆమె రాత్రి ఎలా గడిచిందో మీరు డాక్టరుకు చెప్పండి. దగ్గర్లో డాక్టరు లేకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్, ఉచితం.

ఆ రోజు మందు మారింది. తర్వాతిసారి ఆమె నైటీ మీద చున్నీ వేసుకుని వెళ్లింది, భుజం మీద పాప కక్కిన పాల మరకతోనే. నేత చీరను గంజి వదిలేదాకా ఉతికి, తల్లి ఉయ్యాల కట్టింది. పాప అందులోనే నిద్రపోతోంది.